బాటసారి కవి బషో

గోదావరిని కన్నులార చూడకయే గోదావరి నెరిగిన పిల్లలు మన అంబత్తూరులో పలువురు కలరు. తెలుగు వాచకములో గోదావరి గట్టు ఉన్నది, ఓరుగల్లు కోట ఉన్నది, హంపిలోని రాతిరథమున్నది. ఇంటినుండి బడికి వచ్చు దారిలో కనబడునవి మాత్రము చెరువుగట్టు, రైలుకట్ట, కర్మాగారముల ప్రహరీగోడలు. పుస్తకములోని ఊళ్లు కొన్ని, కాళ్లక్రింది ఊరు వేరొకటి. ఈ స్థితి మనకు మాత్రమే కలిగినది కాదు. మూడువందల ఏండ్లకు పూర్వము జపాను దేశమున ఒక కవి, తాను చిన్ననాటినుండి పద్యములలో చదివి యెరిగిన ఊళ్లను చూడకయే చనిపోవుట కిష్టపడక, ఉన్న గుడిసెను అమ్మివేసి కాలినడకను బయలుదేరెను. ఆయన పేరు మత్సువో బషో. హైకు అను చిన్న పద్యమును గూర్చి వినినవారందరును ఆయన పేరు వినియే యుందురు.

ఆయన జీవితకథను ఇందు చెప్పెదను. ఆయన పద్యముల నుదాహరించుట లేదు. అంత చిన్న పద్యమును రెండు మూడు భాషలు దాటించి తెచ్చినచో చేతిలో మిగులునది స్వల్పము. కథ తెలిసిన పిదప పద్యములను వెదకికొని చదువుట పాఠకుల వంతు.

బషో 1644వ సంవత్సరమున ఇగా అను మండలములోని ఉయెనో పట్టణమున జన్మించెను. చుట్టును కొండలు, నడుమ కోట, కోటనీడన చిన్న ఊరు. బషో అనునది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ఆ పేరు వచ్చిన విధము ముందు చెప్పెదను. చిన్ననాడు ఆయనను కిన్‌సాకు అని పిలిచెడివారు. తండ్రి పేరునకు యోధుల తరగతివాడే కాని, ఆ తరగతిలో మిక్కిలి క్రిందిమెట్టువాడు, బ్రతుకు రైతుబ్రతుకు. పిల్లవానికి పండ్రెండేండ్లప్పుడు ఆ తండ్రియు మరణించెను.

యౌవనమున ఆయన తోదో వంశములోని యోషితదా అను చిన్నదొర కొలువున చేరెను. దొర ఆయనకంటె రెండేండ్లు మాత్రమే పెద్ద. ఇరువురకును పద్యములపై మక్కువ. క్యోటో నగరమునందలి కితమురా కిగిన్ అను పండితునివద్ద ఇరువురును శిష్యరికము చేసిరి. సేవకుడును దొరయు కూడి పద్యములు చెప్పుకొనుచుండిరి. 1666లో ఆ దొర పాతికేండ్ల ప్రాయముననే కన్నుమూసెను. యజమానియు, చెలికాడును ఒక్కమారే పోయిన ఆ దుఃఖమున ఆయన కొలువు విడిచెను. 1672లో తన ఊరివారి పద్యములను జతలు జతలుగా పోల్చి, ఏది మేలో తీర్పు చెప్పుచు ఒక చిన్న గ్రంథము కూర్చి, దానిని ఊరిలోని విద్యాదేవత గుడిలో సమర్పించి, ఎదో నగరమునకు పయనమయ్యెను. నేటి టోక్యోయే నాటి ఎదో.

వారు చెప్పుకొనిన పద్యములెట్టివో కొంచెము తెలిసికొనవలెను. పిల్లలు సెలవుదినములలో అంత్యాక్షరి ఆడుదురు గదా! ఒకరు ముగించినచోట మరియొకరు అందుకొందురు. ఆ కాలపు జపానులో కూడ పదిమంది కూర్చుండి గొలుసువలె పద్యము నల్లెడి వేడుక కలదు. ఒకరు మూడు పాదములు చెప్పగా, రెండవవారు రెండు పాదములు చేర్తురు. మూడవవారు మరల మూడు. ఇట్లు ముప్పదియారు కొసలవరకో, నూరు కొసలవరకో సాగును. గొలుసునందలి మొదటి మూడు పాదములకు అయిదు, ఏడు, అయిదు మాత్రలు లెక్క, మొత్తము పదునేడు. ఛందస్సు చదివిన మన పిల్లలకు ఇది సులభముగా బోధపడును: మనకు హ్రస్వమునకు ఒక మాత్ర, దీర్ఘమునకు రెండు మాత్రలు, వారికిని అంతే. మొదటి కొసలో ఆ ఋతువును తెలుపు మాట ఒకటి తప్పక యుండవలెను. ఆ మొదటి కొసయే కాలక్రమమున గొలుసును తెంచుకొని తానొక్కటియే పద్యమై నిలిచెను. దానికి హైకు అను పేరును స్థిరపరచినవాడు బషో కాదు. ఆయన తరువాత రెండువందల ఏండ్లకు వచ్చిన మసఓకా షికి అను కవి.

రాజాస్థానపు పద్యములలో నగరువారి మాటలు తప్ప ఇతరములు దొరలరాదు. కోకిల రావచ్చును, కాకి రాకూడదన్నట్టి మర్యాద. ఈ గొలుసు పద్యములలోనో, అంగడిమాటలు, వంటయింటి మాటలు, పశువుల కొట్టములోని మాటలు స్వేచ్ఛగా వచ్చును. అందుచేతనే పెద్దలు దానిని పరిహాసపు ఆటగా ఎంచిరి. ఆడువారును నవ్వించుటకే ఆడిరి. ఆ ఆటమాటలతోనే, కంటనీరు పెట్టించుటయు, ఒడలు గగుర్పొడిపించుటయు సాధ్యమని చూపినవాడు బషో. గొప్ప భావమునకు గొప్ప మాటయే కావలెనను నియమమును ఆయన పేలను గూర్చియు, గుఱ్ఱమును గూర్చియు పద్యము చెప్పి సడలించెను. గ్రాంథికమున వ్యాసము వ్రాయుచు నేనీ మాటను మెచ్చుకొనుట కొందరికి నవ్వు పుట్టించవచ్చును. నవ్వనిండు, మెచ్చదగినదానిని మెచ్చవలెను.

ఎదోలో ఆయనకు తొలుత తిండికి జరుగుబాటు కష్టమయ్యెను. నగరమునకు నీరు తెచ్చు కాలువల పనిలో కొన్నియేండ్లు ఉద్యోగము చేసెను. క్రమముగా శిష్యులు చేరిరి, పేరు వచ్చెను, పద్యములు దిద్దినందుకు రుసుము వచ్చెను. చేతినిండ పని కలిగిన ఆ సమయముననే, 1680లో, ఆయన నగరమధ్యమును విడిచి సుమిద నదికి ఆవల ఫుకగావా అను పల్లపు చోటున ఒక గుడిసెలోనికి మారెను. సమీపమున బుచ్చో అను జెన్ బౌద్ధసన్యాసి యుండెను. ఆయనవద్ద ధ్యానము నేర్చెను.

మరుసటి సంవత్సరము రికా అను శిష్యుడు గుడిసెముందు ఒక అరటిపిలక తెచ్చి నాటెను. మనకు అరటి అనగా గెల, పండు, దూట, పువ్వు, విందునాటి విస్తరి. పెండ్లిపందిరి గుంజకు కట్టిన చెట్టు. జపాను చలిలో పెరుగు ఆ జాతి అరటికి తినదగిన పండు పండదు. దాని మ్రాను దూలమునకు పనికిరాదు. గాలి వీచినచో ఆకులు చీలికలై వ్రేలాడును. ఏ పనికిని రాకపోవుటయే, ఇట్టే చిరిగిపోవుటయే కవికి ఆ చెట్టును ప్రియము చేసెను. ఊరివారు ఆ ఇంటిని అరటిగుడిసె అనసాగిరి. క్రమముగా ఇంటిలోనివానికిని ఆ పేరే అంటుకొనెను. జపాను భాషలో అరటికి బషో అని పేరు. లోకము నేడు స్మరించునది ఆ పెరటిచెట్టు పేరే!

1682-83 శీతకాలమున ఎదోలో పుట్టిన పెద్ద అగ్నిప్రమాదము ఆ గుడిసెను కూడ దహించెను. అదే 1683లో ఇగాలో తల్లి మరణించెను. కుమారుడు కడసారి చూపునకు పోజాలకపోయెను. శిష్యులు చందాలెత్తి మరల ఒక గుడిసె కట్టి ఇచ్చిరి. కాని ఇల్లు ఒకటి నిలుచునను నమ్మకము ఆయనకు పోయినట్లున్నది. 1684లో తొలి దూరయాత్రకు బయలుదేరెను. దారిలో చనిపోయి ఎముకలు పొలములలో ఎండినను ఎండుగాక అని తలంచియే అడుగు పెట్టెను. ఆ యాత్రలో పుట్టినయిల్లు చేరినప్పుడు అన్న ఒక చిన్న మూట విప్పి తల్లి నెరసిన వెండ్రుకలను చేతిలో పెట్టెను. ఆయన యాత్రాగ్రంథములలో నేను మరల మరల తెరచునది ఆ పుటయే.

1686లో కప్పను గూర్చిన పద్యము వెలువడెను. ప్రపంచమున అన్ని భాషలలోనికిని అత్యధికముగా మార్చబడిన హైకు బహుశః అదియే. అంతకుముందు వందలయేండ్లుగా జపాను కవులు కప్ప కూతనే పొగడుచు వచ్చిరి. బషో కూతను విడిచి, కప్ప నీటిలో దుమికిన చప్పుడును పట్టుకొనెను. అంతకంటె ఆ పద్యములో ఏమియు జరుగదు. మన చెరువుగట్టున వానాకాలపు సాయంకాలమున నిలిచినవారికి దానికి వ్యాఖ్యానము అక్కరలేదు. తరువాతి రెండేండ్లలో వెన్నెల చూచుటకొక యాత్ర, పువ్వులు చూచుటకొక యాత్ర చేసెను. అవి యన్నియు పెద్దయాత్రకు సాధనవంటివి.

జపాను కవిత్వమున కొన్ని ఊళ్లకు ప్రత్యేకస్థానము కలదు. ఫలానా కొండ అనగానే శరత్కాలపు గాలి, ఫలానా తీరమనగానే పైన్ చెట్లు, ఫలానా సరిహద్దు కవాటమనగానే వియోగము స్ఫురించును. ప్రాచీన కవులు చెప్పిరి గనుక తరువాతివారందరును, చూచినవారును చూడనివారును, అట్లే చెప్పుదురు. అట్టి చోట్లను వారు ఉతమకుర అందురు. పాటకు తలగడ అని ఆ మాటకర్థము. తలపెట్టి పండుకొనుటకు హాయిగా నుండునది గనుక కవులు పలువురు ఆ తలగడలపైననే పండుకొని లేవకపోయిరి. దేశపు ఈశాన్యభాగమున, దారులు సరిగా లేని మారుమూలసీమలో, అట్టి చోట్లు పెక్కు కలవు. బషో వాటిని తన కన్నులతో చూడవలెనని తలంచెను.

1689వ సంవత్సరము మే 16వ తేదీన ఆయన బయలుదేరెను. అప్పటికి ఆయనకు నలువదియైదేండ్లు, ఆరోగ్యము అంతంతమాత్రము. గుడిసె అమ్మివేసెను. వెంట వచ్చినవాడు పొరుగింటి శిష్యుడు సోరా. అతడు తల గొరిగించుకొని సన్యాసివలె నల్లబట్ట కట్టెను. మూటలో చలికి కాగితపు అంగీ, ఒక పలుచని వస్త్రము, వానకు పైకప్పు, సిరా, కుంచెలు. వీడ్కోలు చెప్పవచ్చినవారిచ్చిన కానుకలు కొన్ని పారవేయలేక మోసెను; వాటి బరువును గూర్చి ఆయనయే విసుగుకొనెను. మన ఇంటివారు ఊరికి పోవునాడు చుట్టములు తెచ్చిపెట్టు డబ్బాలు జ్ఞాపకము వచ్చుట లేదా?

పుస్తకములోని ఊళ్లు కాళ్లకు తగిలినప్పుడు ఏమి జరిగెనో ఇక వినుడు. షినోబు అను చోట ఒక ప్రసిద్ధశిల యుండవలెను. పూర్వము దానిపై గుడ్డ పరచి ఆకుపసరుతో రుద్ది అచ్చు వేసెడివారట. ప్రేమకవులందరును ఆ అచ్చు కలవరమును తమ మనస్సు కలవరముతో పోల్చిరి. బషో వెదకికొని పోగా ఆ రాయి సగము మట్టిలో పూడి, ముఖము క్రిందై పడియున్నది. ఆ ఊరి పిల్లవాడొకడు వచ్చి సంగతి చెప్పెను: చూడవచ్చినవారందరును చేలలోని పైరు పీకి ఆ రాతిపై రుద్ది చూచుచుండగా, రైతులు విసిగి దానిని కొండపైనుండి లోయలోనికి దొర్లించిరట! కవులకు అది పాటల తలగడ. పైరు పోగొట్టుకొనిన రైతునకు అది పీడ. బషో ఆ రైతులను నిందింపలేదు. అట్లును జరుగవచ్చునని తలయూచి ముందునకు సాగెను.

తకెకుమా అను చోట ఒకే మొదట రెండు మ్రానులుగా చీలిన పైన్ చెట్టు ప్రసిద్ధము. నోయిన్ అను పూర్వకవి రెండవమారు అచ్చటికి పోవునప్పటికి, అధికారి యొకడు దానిని నరికించి వంతెనకు గుంజలు చేయించియుండెను. నరుకుటయు, మరల నాటుటయు, మరల పెరుగుటయు పలుమారులు జరిగినవట. బషో పోయినప్పుడు ఆ చెట్టు రెండు మ్రానులతో పచ్చగా నిలిచియుండెను. పద్యములో చదివిన చెట్టు అది కాదు. అదియే అనియు చెప్పవచ్చును.

తగా కోటవద్ద 762వ సంవత్సరమున చెక్కిన శాసనశిలను చూచెను. ఆ శిలపై నున్నది పద్యము కాదు. కోట కట్టించినవారి వృత్తాంతము, అచ్చటినుండి రాజధాని ఎంతదూరము, సరిహద్దులు ఎంతదూరము అను లెక్కలు. అయినను బషో దానియెదుట నిలిచి కంటతడి పెట్టెను. అంతవరకు ఆయన వెదకిన చోట్లలో కొండలు విరిగినవి, ఏరులు దారి మార్చుకొనినవి, రాళ్లు పూడినవి, చెట్లు ముదిసి మొలకలకు చోటిచ్చినవి. పూర్వుల చేతిగురుతు చెక్కుచెదరక కనబడినది ఆ అక్షరములలోనే. తొమ్మిదివందల ఏండ్లనాటి అక్షరములు కన్నులయెదుట నుండగా దారిబడలిక మరచితినను భావమున ఆయన వ్రాసెను.

మత్సుషిమా జపాను దేశపు మూడు సుందరదృశ్యములలో నొకటిగా పేరుపొందినది. సముద్రపు అఖాతమున రెండువందల అరువదికి పైగా చిన్న దీవులు. దీవి దీవిపైన గాలికి వంగిన పైన్ చెట్లు. యాత్రకు ముందునుండియు అక్కడి చంద్రుని గూర్చియే బషో కలవరించెను. తీరా అచ్చటికి చేరి, ఆ దృశ్యమును వచనములో కన్నుల గట్టినట్లు వర్ణించియు, పద్యము మాత్రము గ్రంథమున చేర్చలేదు. సోరా చెప్పిన పద్యమును చేర్చి, తాను పండుకొనినను నిద్ర పట్టలేదని మాత్రము వ్రాసెను. గొప్పదృశ్యమును చూచిన ప్రతివాడును వెంటనే ఏదో యొకటి అనవలెనను తొందర నేడు పెరిగినది. మూడువందల ఏండ్లనాటి ఆ మౌనము అందుచేతనే నాకు ముచ్చటగా తోచును.

హిరైజూమిలో ఒకప్పుడు మూడుతరముల ప్రభువులు రాజధానిని మించిన వైభవముతో ఏలిరి. యోషిత్సునే అను వీరుడు అచ్చటనే 1189లో మరణించెను. సరిగా అయిదువందల ఏండ్లకు బషో ఆ దిబ్బ యెక్కెను. కోటలేదు, సౌధములేదు, వేసవి గడ్డి యున్నది. టోపి క్రింద పెట్టుకొని కూర్చుండి చాలసేపు ఏడ్చెనట. హంపి చూచి వచ్చిన మన పెద్దల నడిగినచో ఆ యేడుపు అర్థమగును. 1124లో కట్టిన బంగారుమందిరము మాత్రము పైన మరియొక కట్టడపు కాపుదలలో నిలిచియుండెను, నేటికిని నిలిచియున్నది.

పిదప యమదెరా కొండమెట్లు, మొగామి నది వడి, మూడు పుణ్యపర్వతములు. ఆ తరువాత పడమటి సముద్రతీరమున కిసాకతా. ఇది కూడ దీవులతో నిండిన ఉప్పుకయ్య, మత్సుషిమాకు చెల్లెలివంటిది. మత్సుషిమా నవ్వుచున్నట్లును, కిసాకతా అలిగి దుఃఖించుచున్నట్లును తనకు తోచెనని బషో వ్రాసెను. వాన వెలిసిన ఉదయమున పడవపై ఆ దీవులనడుమ తిరిగెను. ఈ కిసాకతాను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. మరల చెప్పవలసి వచ్చును.

అచ్చటినుండి తీరమువెంట ఎండలోను, జబ్బులోను నడచి, ఆ శరత్కాలమున ఒగాకి పట్టణము చేరి ఆయన యాత్ర ముగించెను. మొత్తము సుమారు నూటయేబది దినములు, రెండువేల నాలుగువందల కిలోమీటర్లు. సోరా కడుపునొప్పిచేత యమనకా అను ఊరినుండి ముందుగా వెడలిపోయెను. కొంతదారి వేరు తోడుతో సాగినది.

ఇచ్చట మనవాని నొకని స్మరింపకుండుట తగదు. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చెను. దారిలోని ఊళ్లు, సత్రములు, ధరలు, నీటివసతి, జనుల నడవడి సర్వమును తెలుగున వ్రాసెను. 1838లో అది పుస్తకముగా అచ్చయ్యెను. ఆయనకు పరివారము నూరుమంది, బషోకు ఒక్కడు. ఒకరు చూచినదంతయు వ్రాసిరి, మరియొకరు చూచినదానిలో నూరవవంతు వ్రాసిరి. చెన్నపట్టణపు తెలుగువారి ఇండ్లలో ఆ రెండు పుస్తకములును ప్రక్కప్రక్కన ఉండదగినవి.

బషో తన గ్రంథమునకు ఓకు నో హొసొమిచి అని పేరు పెట్టెను. లోపలిసీమకు పోవు సన్నబాట అని అర్థము. ఒక పూటలో చదివి ముగింపదగిన ఆ చిన్న పుస్తకమును దిద్దుటకు ఆయనకు సుమారు అయిదేండ్లు పట్టెను. సోరా దారిపొడవునను ఉంచుకొనిన దినచర్య 1943లో అచ్చుపడినప్పుడు పండితులు చకితులైరి. తేదీలును, బసలును, కొన్ని సంఘటనలును గ్రంథముతో సరిపోవు! కవి కొన్నిటిని ముందువెనుకలు చేసెను, కొన్నిటిని కల్పించెను. కొందరికిది అసత్యముగా తోచినది. సోరా దినచర్య ఏ దినమున ఎచ్చట నుండిరో తెలుపును. బషో గ్రంథము అచ్చట నుండుట ఎట్లుండెనో తెలుపును. రెండును మనకు దొరకుట మన అదృష్టము.

ఆయన చేతివ్రాతను గూర్చియు చెప్పవలెను. జపానులో పద్యము వ్రాయుట యనగా చెవికి మాత్రమే కాక కంటికిని వ్రాయుట. మనము సానపై గంధము తీసినట్లే, వారు సిరాకడ్డీని రాతిపై నీటితో అరుగదీసి నల్లని సిరా తీయుదురు. సన్నని నిలువుచీటీపై కుంచెతో పైనుండి క్రిందికి అక్షరము అక్షరమును కలుపుచు వ్రాయుదురు. కుంచెలో సిరా నిండుగా నున్నచోట గీత బలముగా నుండును, ఆరుచున్నకొలది పలుచబడును. ఊపిరి ఎచ్చట నిలిచినదో కంటికి కనబడును. ఒకసారి పెట్టిన గీతను చెరిపి దిద్దుట యుండదు. మన పూర్వులు గంటముతో తాటాకుపై వ్రాయునప్పుడు ఆకు చీలకుండుటకే అక్షరములు గుండ్రనైనవని పెద్దలందురు. వారి కుంచెకు అట్టి భయము లేదు గనుక గీతలు వానజల్లువలె జారును. బషో పద్యముప్రక్కన తానే చిన్న బొమ్మలును వేసెను. చివరి సంవత్సరములలో క్యోరికు అను శిష్యునివద్ద చిత్రలేఖనము నేర్చుకొనెను. కవిత్వమున శిష్యుడు, చిత్రమున గురువు! ఏబదియేండ్లవాడు తన శిష్యునియెదుట కుంచె పట్టి కూర్చుండుటకు సిగ్గుపడలేదు.

1996లో ఆ యాత్రాగ్రంథపు వ్రాతప్రతి యొకటి బయటపడెను. అది బషో స్వహస్తముతో వ్రాసినదని పండితులు పలువురు నిర్ణయించిరి. అందులో పలుచోట్ల వ్రాసినదానిపై చిన్న కాగితపుముక్కలు అతికించి, వాటిపై మరల వ్రాసియున్నది. అప్రయత్నముగా ఊపిరివలె వచ్చినవనుకొనిన వాక్యముల వెనుక ఎంత తుడుపు, ఎంత అతుకు కలదో అందువలన తెలిసెను. కూర్పు పుస్తకములో కొట్టివేతలున్నవని చింతించు విద్యార్థి ఆ ప్రతి ఛాయాచిత్రమును ఒకమారు చూడవలెను. తుదిప్రతిని సోర్యూ అను లేఖకుడు 1694లో అందముగా వ్రాసి యిచ్చెను. పైయట్టమీది పేరు మాత్రము బషోయే వ్రాసెను.

యాత్ర తరువాత ఆయన కొన్నాళ్లు బివా సరస్సు సమీపమునను, క్యోటో శివారునను శిష్యుల కుటీరములలో గడపి, 1691 చివర ఎదో చేరెను. శిష్యులు మరల ఒక గుడిసె కట్టి, అరటిచెట్లను తెచ్చి నాటిరి. 1693లో తనయింట నుంచుకొని సాకిన అన్నకొడుకువంటి తోయిన్ అను మేనల్లుడు క్షయవ్యాధిచే మరణించెను. బషో సుమారు ఒక నెల తలుపు మూసికొని ఎవ్వరిని చూడలేదు.

1694 వేసవిలో సోర్యూ వ్రాసిన ప్రతిని వెంటబెట్టుకొని పశ్చిమమునకు బయలుదేరి, ఇగాలో దానిని అన్నచేతికిచ్చెను. తల్లి వెండ్రుకలు చేతిలో పెట్టిన అన్న చేతిలోనే తన జీవితఫలమును పెట్టెను. ఆ శరత్కాలమున శిష్యులమధ్య పుట్టిన తగవు తీర్చుటకు ఒసాకా పోయి, అచ్చట జబ్బుపడెను. రోగశయ్యపై నున్నను తన మనస్సు ఇంకను పొలములవెంట తిరుగుచునే యున్నదను భావముగల పద్యము చెప్పెను. నవంబరు 28వ తేదీన, పువ్వుల వర్తకునియింట అద్దెగదిలో, ఏబదియవ యేట మరణించెను. శిష్యులు ఆ దేహమును పడవపై తీసికొనిపోయి, ఆయన కోరినట్లు, బివా సరస్సుతీరమున ఓత్సులోని గిచుజీ ఆలయమున సమాధి చేసిరి. గ్రంథము 1702లో క్యోటోలో అచ్చయ్యెను.

రవీంద్రనాథ ఠాకూరు 1916లో జపాను పోయినప్పుడు బషో పద్యములను వంగభాషలోనికి మార్చి తన యాత్రాగ్రంథమున చేర్చెను. తెలుగున హైకును తనదిగా చేసికొనినవారిలో కాకినాడకు చెందిన ఇస్మాయిల్ ముఖ్యుడు; 1997లో వెలువడిన ఆయన హైకు సంపుటి పేరు కప్పల నిశ్శబ్దం. కప్ప ఎచ్చటినుండి దుమికివచ్చినదో పాఠకులకు ఇప్పుడు తెలియును.

ఇక కిసాకతా. 1804లో అచ్చట పెద్దభూకంపము కలిగి, నేల సుమారు రెండు మీటర్లు పైకి లేచెను. నీరు సముద్రములోనికి జారిపోయి, ఉప్పుకయ్య బురదనేల అయ్యెను. దీవులన్నియు పొలములనడుమ దిబ్బలై మిగిలెను. ప్రభుత్వము ఆ నేలను సాగుచేయించి దిబ్బలను త్రవ్వింపబూనగా, బషో దర్శించిన కన్మన్‌జీ ఆలయమునందలి పూజారి యెదురు నిలిచి చాల దిబ్బలను కాపాడెను. ఛాయాచిత్రకళను లోకమునకు ప్రకటించినది 1839లో. జపానుకు మొదటి ఛాయాచిత్రపు పెట్టె వచ్చినది 1848లో. కావున బషో చూచిన కిసాకతాకు ఛాయాచిత్రము ఎన్నటికిని లేదు. కొందరు చిత్రకారులు వేసిన పటములును, ఆయన వ్రాసిన ఒకటి రెండు పుటలును కలవు.

అయినను నేడు ప్రతియేట మే నెలలో ఛాయాచిత్రకారులు పెట్టెలు భుజమున వేసికొని కిసాకతాకు వత్తురు. ఆ నెలలో రైతులు వరినాట్లకై మళ్లకు నీరు పెట్టుదురు. గట్టు గట్టునకు నీరు నిండి, ఆకాశము దానిలో కనబడును. పైన్ చెట్ల దిబ్బలు మరల దీవులగును. నారు ఎదిగి నీటిని కప్పువరకు, కొన్ని వారములు, అట్లే యుండును.